అన్నయ్య బదులు ఊపిరి

“ఊదండి! ఇంకా, ఇంకా... ఆపకండి!”

దర్జీ కళ్ళు బయటికొచ్చేలా ఊదాడు. చివర్లో దగ్గు ముంచుకొచ్చి గొట్టం నోట్లోంచి జారిపోయింది. డాక్టరమ్మ మిషను మీది గీతను చూసి పెదవి విరిచింది.

“మళ్ళీ.”

అతను అరచేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. ఈ గదిలో అతను దర్జీ కాడు. కార్లకు రంగు కొట్టే షెడ్డులో పనిచేసే తన అన్నయ్య. బయట చీటీ రాసే అమ్మాయి పేరడిగితే అన్నయ్య పేరే చెప్పాడు. వయసడిగితే నాలుగేళ్ళు కలిపి చెప్పాడు. ఆ అమ్మాయి తలెత్తి చూసినప్పుడు గోడ మీది క్యాలెండరు చూస్తున్నట్టు నటించాడు.

పొద్దున కొట్టు తెరిచేసరికే అన్నయ్య వచ్చి కూర్చున్నాడు. “నా సంగతి నీకు తెలుసుగా. షెడ్డులో అడుగు పెడితే చాలు, పిల్లికూతలు. ఈ పరీక్ష తప్పితే ఇంటికి పంపేస్తారట. నీ ఊపిరితిత్తులకేం, ఇనప్పెట్టెలు. నా బదులు నువ్వెళ్ళి ఊదిరారా.”

ఏనాడూ నోరు తెరిచి ఏదీ అడగని మనిషి. దర్జీ కత్తెర పక్కన పెట్టి లేచాడు.

రెండోసారి ఊదినా దగ్గే. మూడోసారీ అంతే.

“ఎప్పట్నుంచి ఈ దగ్గు?”

“దగ్గా? అదేం లేదండీ. గొంతులో నూలు పోగు...” నాలుక కరుచుకున్నాడు. “అదే, రంగు. రంగు పొడి పడింది.”

“పిల్లికూతలు వస్తాయా?”

“అబ్బే.” ఈ ఒక్కటీ నిజమే చెప్పాడు.

“ఆయాసం?”

“మూడంతస్తులు ఈల వేసుకుంటూ ఎక్కుతానండీ.”

“పడుకున్నాక దగ్గు వస్తుందా? తెల్లవారుజామున?”

“అది అందరికీ వచ్చేదేగా!”

“అందరికీ రాదు. మీ ఆవిడ ఏమంటుంది?”

“ఏమీ అనదండీ. పక్క గదిలో పడుకుంటుంది. అయితే అది నా గురకకి.”

డాక్టరమ్మ నవ్వలేదు. చిన్న డబ్బాలోంచి మందు నోట్లోకి పీల్పించి, కాసేపు బయట కూర్చోమంది. మళ్ళీ ఊదాలట.

వరండా కిటికీలోంచి చూస్తే, రోడ్డుకు అవతల గోడ వారగా అన్నయ్య కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. తమ్ముణ్ణి చూసి ఏమైందని చెయ్యి తిప్పాడు. దర్జీ ఫరవాలేదన్నట్టు తలూపాడు. దొరికిపోతే తన మాట అలా ఉంచు, అన్నయ్య ఉద్యోగం ఊడుతుంది. దొంగతనం చేసినట్టు మొహం మీదే తలుపేస్తారు. ఈ వయసులో ఇంకెవరు పనిస్తారు? వదిన మొహం ఎలా చూడటం?

పిలుపొచ్చింది. ఈసారి గుండెల నిండా గాలి తీసుకుని, కుట్టుమిషను మీది దుమ్మునంతా ఎగరగొట్టేటట్టు ఊదాడు. దగ్గు రాలేదు. గీత సర్రున పైకి పోయింది.

“చూశారా!” దర్జీ మొహం చాటంతయింది. “పాసేగా?”

“అదే వచ్చిన చిక్కు,” అంది డాక్టరమ్మ. “మందు పీల్చగానే ఇంత పెరిగిందంటే, అప్పటిదాకా లోపలి ఊపిరి గొట్టాలు ముడుచుకుని ఉన్నాయన్నమాట. ఇది ఉబ్బసం.”

“ఉబ్బసమా! అదెలా ఉంటుందో నాకు తెలీదాండీ? మా అన్న... మా ఇంట్లో ఒకాయనకుంది. రొమ్ము ఎగిరెగిరి పడుతుంది, లోపల ఈలలు. నాది ఉత్త దగ్గు.”

“అది అందరిలోనూ ఒకే వేషంలో రాదు. ఒకరికి దుమ్ము పడదు. ఒకరికి పరుగెత్తితే వస్తుంది, ఇంకొకరికి నొప్పి మాత్ర మింగితే. కొందరికి చేసే పనే పడదు. సెలవిస్తే తగ్గుతుంది, మళ్ళీ పనిలోకి వెళ్తే మొదలు. ఇంకొందరికి కూతా ఉండదు, ఆయాసమూ ఉండదు. దగ్గొక్కటే. వాళ్ళే ముదరబెట్టుకుని వస్తారు నా దగ్గరికి.”

ఆమె కాగితం ముందుకు లాక్కుంది. కలం మూత తీసింది.

ఆ కలం కాగితాన్ని తాకబోతోంది. అన్నయ్యను నిలబెట్టడానికి వచ్చి నిలువునా ముంచాడు. దర్జీ తెలియకుండానే లేచి, చెయ్యి కాగితానికి అడ్డం పెట్టాడు.

“రాయకండి డాక్టరు గారూ! ఈ ఊపిరి మా అన్నయ్యది కాదు, నాది. నేను దర్జీని. అబద్ధమాడి లోపలికొచ్చాను. నన్ను పోలీసులకివ్వండి, ఏమన్నా చెయ్యండి. ఆయన ఉద్యోగం మాత్రం తియ్యకండి.”

“కూర్చోండి.”

“ఎదురుగానే ఉన్నాడు, కావాలంటే పిలుస్తాను. కానీ ఆయన్ని ఊదమనకండి, మీకు దణ్ణం పెడతాను.”

డాక్టరమ్మ అతని చెయ్యి మెల్లగా పక్కకు జరిపింది.

“ఏ ఉద్యోగం తియ్యమంటారు? మీ అన్నయ్య పరీక్ష ఎప్పుడో అయింది. నేను చెప్పాకే ఆయన్ని షెడ్డులోంచి స్టోరుకు మార్చారు, నెల దాటింది. అప్పట్నుంచీ మీ దగ్గు చూడమని నా ప్రాణం తోడేస్తున్నారు. తన కోసమంటే వాడు చచ్చినా రాడు డాక్టరమ్మా, నా కోసమంటే పరుగెత్తుకొస్తాడని.”