వేపకొమ్మ కట్టిన గది

“ఇవాళ కూడా ఈ యంత్రం ఆగిందంటే, మాంజెల్ గౌరీ, సోమవారం దీన్ని లారీ ఎక్కించి కొండమీది క్యూర్‌పైప్ పంపించేస్తాను. అక్కడ చలి ఊరికే దొరుకుతుంది,” అన్నాడు పెద్ద గుమాస్తా జీన్, తలుపు బార్లా తెరిచి పట్టుకుని.

గౌరి చూపు ఆయన మీద లేదు. గోడనున్న థర్మామీటరు మీద ఉంది. ఆయన మాట్లాడుతున్నంతలోనే పాదరసం ఎర్రగీత వైపు పాకింది.

“తలుపు, ముస్యే,” అంది భయంగా.

“తలుపేస్తే చల్లబడుతుందా?”

“చల్లబడుతుంది. మీరిచ్చే ఆ బాల్చీ నీళ్లే చాలు. ఎవరూ తలుపు తియ్యకుండా మీరొక మాట చెప్పండి.”

“నా మాట ఎవరు వింటారు? మన దీవికి స్వతంత్రం వస్తోందిగా. ఇక ఎవరి ఇష్టం వచ్చిన తలుపు వాళ్లు తెరుచుకుంటారు.” తన మాటకు తనే నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. తలుపు మాత్రం వెయ్యలేదు.

గౌరి పరుగున వెళ్లి వేసింది.

బెల్ ఎయిర్ దగ్గరి ఆ చెరకు మిల్లు ఆఫీసులో, రైతులు తెచ్చిన చెరకు తూకాలన్నీ అట్టముక్కల మీద చిల్లులై ఈ లెక్కల యంత్రంలోకి వెళ్తాయి. దాని కడుపునిండా గాజుబుడ్లు. పొద్దస్తమానం ఎర్రగా కాగుతుంటాయి. వేడి గీత దాటిందా, యంత్రం మొండికేస్తుంది. దానితోపాటు ఓడలో చల్లదనం మిషను కూడా వచ్చింది గానీ, అది కరెంటు మింగేది, నీళ్లు తాగేది. వానల్లేక మిల్లు బాయిలరుకే నీళ్లు చాలని రోజులు. దాన్ని మూలన పడేశారు.

అప్పుడు గౌరి తూర్పు కిటికీలకు గోనెపట్టాలు కట్టింది. వాటిపైన చిల్లులు పొడిచిన రేకు డబ్బా పెట్టింది. నీళ్లు బొట్టుబొట్టుగా జారి, గోనె తడిపి, కింద తొట్టిలో పడతాయి. వాటినే ఎత్తి మళ్లీ పైన పోస్తుంది. సముద్రం వైపు గాలి తడిగోనెలోంచి దూరి చల్లగా లోపలికొస్తుంది, వేడిని పైకప్పు కింది సందులోంచి బయటికి తోసేస్తుంది. తలుపు మూసి ఉన్నంతసేపూ గది కుండలో నీళ్లలా ఉంటుంది. తెరిస్తే బాయిలరు వైపు సెగంతా లోపలే.

ఆ చల్లదనమే ఆమె ప్రాణం తీస్తోంది. “ఒక్క నిమిషం, దీదీ,” అంటూ కాటా దగ్గర్నుంచి చల్లగాలికి సీతారాం వస్తాడు. అతని వెనకే ఇంకొకడు. ‘లోపలికి రాకూడదు’ అని బోర్డు పెడితే, సీతారాం దానికి తన టోపీ తగిలించి మరీ వచ్చి కూర్చున్నాడు.

యంత్రం వెళ్లిపోతే దాన్ని నడిపే తన ఉద్యోగమూ పోతుంది, మర్నాడే అమ్మ వెనకాల కత్తి పట్టుకుని చెరకులోకి దిగాలి.

బయట వేపచెట్టు కనిపించింది.

కొమ్మ విరిచి, తడిగుడ్డతో తలుపు గడియకు కట్టింది. ‘అమ్మోరి పేరు ఊరికే ఎత్తితే ఆ తల్లి ఊరుకోదే’ అనేది అమ్మ. తప్పు కాయమని మనసులోనే దండం పెట్టుకుని, లోపలికెళ్లి తలుపు మూసుకుంది.

కాసేపటికి అవతల చెప్పుల చప్పుడు. బంట్రోతు రామలు.

“గౌరమ్మా, ఈ కొమ్మేంటే? అమ్మోరా?”

“దూరంగా ఉండు, తాతా.”

“ఎవరికి పోసింది? నీకేనా?”

గౌరి పలకలేదు. అబద్ధమాడలేదు కదా, ఊరుకున్నానంతే అని సర్దిచెప్పుకుంది. చెప్పులు వడివడిగా దూరమయ్యాయి.

ఆ తరవాత ఒక్కరు తలుపు తట్టలేదు. సీతారాం టోపీ కూడా మాయమైంది. పాదరసం మెల్లగా దిగింది. యంత్రం బుద్ధిగా గుర్రుమంటూ కార్డులు మింగుతోంది. ఎందుకో గౌరికి మెడ వెనక వెచ్చగా అనిపించింది. గబగబా మణికట్లు చూసుకుంది. పొక్కులేమీ లేవు.

“గౌరీ, తలుపు తియ్యవే.”

అమ్మ గొంతు. లేచేలోపే తలుపు భళ్లున తెరుచుకుంది. పొలంలోంచి వచ్చినది వచ్చినట్టే ఉంది ఈశ్వరమ్మ. జుట్టు విడిపోయింది, చీరకు చెరకాకులు, చంకన కడవెడు పసుపునీళ్లు. ఆమె వెనక రామలు. అతని వెనక, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని జీన్.

“తలుపు వెయ్యమ్మా, ముందు తలుపు వెయ్యి.”

ఈశ్వరమ్మ వినిపించుకోలేదు. కూతురి నుదురు, మెడ, చేతులు తడిమింది. ఒక్క క్షణం కళ్లు మూసుకుని ఊపిరి వదిలింది.

“నీ ఒళ్లు చల్లగానే ఉంది. మరి అమ్మోరు ఎవరికి పోసిందే?”

“కిసన్‌లా మలాద్? ఎవరికి జబ్బు?” అన్నాడు జీన్ రుమాలు చాటునుంచి. “ఎవరికీ లేకపోతే ఆ కొమ్మ ఎవరు కట్టారు?”

నిజం చెబితే ఉద్యోగం పోతుంది. పైగా అమ్మ ముందు, అమ్మోరి పేరుతో ఆడిన ఆట బయటపడుతుంది. తలుపు తెరిచే ఉంది. సెగ లోపలికి కొడుతోంది. గౌరి చూపు దానంతటదే థర్మామీటరు మీదికి, అక్కణ్ణుంచి యంత్రం మీదికి పోయింది.

కూతురి చూపు వెంటే ఈశ్వరమ్మ తిరిగింది. యంత్రం నొసట ఎర్రదీపం వెలిగింది. దగ్గరికెళ్లి అరచెయ్యి ఆనించి చటుక్కున లాక్కుంది. ఒళ్లు కాలిపోతోంది. జ్వరం మనిషిలా మూలుగుతోంది. ఆమె మొహంలో భయం పోయి, మెల్లగా భక్తి కమ్ముకుంది.

“నా పిల్లని వదిలి దీని మీదికి దిగావా,” అంది.

“అమ్మా, వద్దు...”

“చల్లబడు తల్లీ,” అంటూ ఈశ్వరమ్మ కడవెడు పసుపునీళ్లూ యంత్రం నెత్తిన కుమ్మరించింది.