ఆదివారం ఏడింటికి

“భయ్యా, మళ్లీ మొదలెట్టింది!”

పిట్టగోడ అవతలి నుంచి పక్కింటి నూకరత్నం కేక. సత్యారావు గడియారం వైపు చూశాడు. ఆదివారం, పొద్దున్న ఏడు.

రెండేళ్ల కిందట ఇలాంటి ఆదివారమే, ఇంచుమించు ఇదే వేళకి, హట్‌బేలో సునామీ వాళ్ల ఇంటిమీద పడింది. భార్య యర్రమ్మ చెయ్యి అతని చేతిలోంచి జారిపోయింది. శవమైనా దొరకలేదు. తర్వాత ఆ దీవి వదిలి డిగ్నాబాద్ వచ్చి, సముద్రం ఒడ్డున ఒంటిగదిలో రేడియోలు, స్టీరియోలు బాగుచేసుకుంటూ బతుకుతున్నాడు.

మొన్న వానాకాలంలో ఓ ఆదివారం తిన్నగా సముద్రంలోకి నడిచిపోయాడు. నడుంలోతు నీళ్లలో ఉండగా నూకరత్నం మొగుడు గణపతి చూసి ఒడ్డుకి లాక్కొచ్చాడు. ఎందుకెళ్లావని ఎవరూ అడగలేదు.

ఆ పై ఆదివారం నుంచే వాళ్ల స్టీరియోలో ఈ చప్పుడు.

వెళ్లేసరికి పాట లేకపోయినా స్పీకర్లు గుయ్‌మంటున్నాయి. వెనక మూత విప్పాడు. ఎర్త్ వైరు ఊడి ఉంది, అందుకే ఆ మోత.

“పోయినవారమే బిగించాను కదమ్మా! ఎవరైనా ముట్టుకున్నారా?”

“దాని జోలికెవరెల్తారు భయ్యా? మాకేటి తెలుసు!”

ఇన్ని వారాల్లో ప్లగ్గు మార్చాడు, కేబుళ్లు మార్చాడు. అయినా వారమంతా బుద్ధిగా ఉండి, ఆదివారం ఏడింటికే మోగుతుంది. యర్రమ్మకి పాటలంటే ప్రాణం.

“నూకరత్నం, చచ్చిపోయినోళ్లు పిలుస్తారంటే నమ్ముతావా?”

ఆమె ముఖం తిప్పుకుంది. “ముందు ఇడ్లీ తిను. సల్లారిపోతంది.”

ఈసారి వైరుని సోల్డరింగ్ చేసి గట్టిగా అతికించేశాడు. ఇక ఊడిందంటే అది మనుషుల పని కాదు. గణపతి ఎప్పట్లాగే కబుర్లలోకి దించాడు. ఇంటికొచ్చేసరికి పదకొండయింది.

వారమంతా ఒకటే ఆలోచన. మళ్లీ మోగితే యర్రమ్మ పిలుస్తున్నట్టే. ఇక గణపతి కాదు కదా, ఎవరు లాగినా ఆగకూడదు.

ఆదివారం పిలుపు దాకా ఆగలేకపోయాడు. ఏడు కాకముందే చెప్పుల్లేకుండా గోడ పక్కనుంచి వాళ్ల కిటికీ దగ్గరికెళ్లాడు. లోపల గణపతి గొంతు వినబడింది.

“తొరగా కానీ. ఆయన సముద్రంకేసి ఎల్లకముందే పిలవాల.”

సత్యారావు తొంగిచూశాడు.

నూకరత్నం కత్తెరతో స్టీరియో ఎర్త్ వైరు కోస్తోంది.