తెలుగు దొర్లితే నిలబడాలి

"పందికొక్కు" అని భుజంగరావు గారు కేక వెయ్యగానే క్లాసంతా బెంచీలెక్కేసింది.

బందరులో షబానా మేడం చెప్పే స్పోకెన్ ఇంగ్లీషు క్లాసుకి రూలు ఒక్కటే. తెలుగు మాట దొర్లినవాళ్లు, ఇంకొకరి నోట దొర్లేదాకా నిలబడాలి. మేడానికి మాత్రం మినహాయింపు. ముదినేపల్లి నుంచి బస్సెక్కి వచ్చే ఈ చేపల చెరువుల రైతు భుజంగరావు గారు నెల్లాళ్లుగా చదివిందంతా నిలబడే చదివారు.

పందికొక్కు గోడవారగా పరుగెత్తి గుమ్మం దాటింది.

"తెలుగు మాట్లాడారండీ" అంది షబానా, కుర్చీ మీంచి దిగకుండానే.

"పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నాను కదండీ. అరవై దాటాక నాకీ భాష అబ్బదు మేడం. రేపట్నుంచి రాను." ఆయన సంచీ అందుకున్నారు.

"దాన్ని ఇంగ్లీషులో ఏమంటారో తెలుసుకుని వెళ్లండి." షబానా ఫోన్లో డిక్షనరీ తెరిచి, మాట వినిపించే బొమ్మ నొక్కింది.

"బ్యాండికూట్" అంది ఫోను, దొరసాని గొంతుతో.

ఆయన గుమ్మం దగ్గర ఆగిపోయారు. "మళ్లీ అనిపించండి."

"బ్యాండికూట్."

షబానా ఆ మాట కింద రాసింది చదివి, నవ్వాపుకోలేక చున్నీ అడ్డం పెట్టుకుంది. "ఇది తెలుగు నుంచే వెళ్లిందటండీ. మన పందికొక్కే, వాళ్ల నోట్లో ఇలా తయారైందట."

భుజంగరావు గారు వెనక్కి వచ్చి, సంచీ కింద పెట్టి, దర్జాగా బెంచీ మీద కూర్చున్నారు.

"అయితే ఆ ఫోన్ని నిలబెట్టండి మేడం. రూలు రూలే."