మోకాళ్ళ దగ్గర చిరుగు

"మళ్ళీ మోకాళ్ళేనా మేష్టారూ!"

అతుకులాయన గొంతుకి గోడకున్న తొడుగులన్నీ ఉలిక్కిపడ్డట్టు ఊగాయి.

తొడుగులంటే, ఏట్లో దిగి చేపలు పట్టేవాళ్ళు వేసుకునే రబ్బరు తొడుగులు. బూటూ ప్యాంటూ పెళ్ళాడి, విడివిడిగా బతకలేక, కలిసి ఛాతీదాకా ఎదిగిపోయిన సరుకు. వాటికి చిల్లు పడితే ఊరందరికీ ఈయనే దిక్కు.

"నా బతుకంతా అతుకే! మీకు చిరుగు, నాకు చిరునవ్వు!" అని చెప్పుకుంటాడు, ఎవరూ అడక్కపోయినా.

వచ్చినాయన మేష్టారో కాదో ఎవరికీ తెలీదు. కళ్ళజోడుంది కాబట్టి మేష్టారు. ఏటా వేట మొదలయ్యే ముందు మోకాళ్ళు చింపుకుని వస్తాడు కాబట్టి మోకాళ్ళ మేష్టారు.

"అందరికీ మడమ దగ్గరో, తొడ దగ్గరో పోతుంది. మీరు చేపలు పట్టడానికి వెళ్తున్నారా, వాటి కాళ్ళు పట్టుకోడానికా?"

"చేపలకి కాళ్ళెక్కడివండీ" అన్నాడాయన మెల్లిగా.

కొట్లో కూర్చున్నవాళ్ళు ఘొల్లుమన్నారు.

"ఏనాడూ మీ దగ్గర చేప వాసనే రాదు. ఆ వేళ్ళకి గుడ్డపీలికలేమిటి? ఆ అతుకులు కూడా నాకే ఇవ్వచ్చుగా!"

ఆయనా నవ్వాడు. "పని మధ్యలో చిరిగిందండీ. వేట మొదలయ్యేలోపు కావాలి. అవుతుందా?"

"రేపు రండి."

ఆయన గుమ్మం దాటగానే తొడుగు చివరి మేకుకి ఎక్కింది. చేపే పట్టనివాడికి తొందరేమిటి?

బల్ల మీద ఉన్నది బావమరిది తొడుగు. షుగరు ముదిరి వాడి పాదాలకి స్పర్శ పోయింది. నిప్పు తొక్కినా తెలీదు. ఇంకో గాయమైతే కాలు దక్కదని డాక్టరు మొహం మీదే చెప్పాడు. అయినా ఏరు కనిపిస్తే వాడు ఆగడు.

"వాణ్ణి మాన్పించడం నా వల్ల కాదు. ఆ బూటన్నా గట్టిగా చెయ్యండి" అంది భార్య. ఉన్నది ఒక్క తమ్ముడు ఆవిడకి.

అతుకులాయన లోపలివైపు గరుకు కాగితంతో రుద్ది, జిగురు పూసి, ఆరాక అతుకేసి అదిమాడు. "నేనుండగా నీ తమ్ముడి కాలికేం కాదే!"

మర్నాడు మేష్టారు వచ్చాడు.

"జిగురు ఆరాలండీ." అసలు పూస్తేగా ఆరడానికి!

ఆ తర్వాతా వచ్చాడు. మేకు వంక చూశాడు. కదిలించిన జాడే లేదు.

"పోనీ, అలాగే ఇచ్చేస్తారా?"

"చిరుగుతో దిగితే లోపల నీళ్ళు నిండి, చేపలే మిమ్మల్ని పడతాయి!"

మళ్ళీ నవ్వులు. ఈసారి మేష్టారు నవ్వలేదు. "సర్లెండి, ఏదోటి చూసుకుంటాను" అని వెళ్ళిపోయాడు.

మళ్ళీ రాలేదు.

వేట మొదలైంది. కొట్లోకి తొడుగులు కుప్పలుగా వచ్చిపడ్డాయి. ఒకటి అరికాలు చీలింది, ఒకటి పిక్క దగ్గర కోసుకుపోయింది.

"ఏరు నన్ను కరుణించిందోయ్! చేపలకి పళ్ళొచ్చాయి!"

"ఎప్పుడూ ఇన్ని రాలేదు కదండీ. వరద పైనుంచి ఏం తెచ్చి పడేసిందో" అంది భార్య.

"వరద ప్రతి ఏడూ వస్తుందే."

ఆ మాట నోట్లో ఉండగానే కబురొచ్చింది. బావమరిది గట్టెక్కి బూటు విప్పితే లోపల నీళ్ళు లేవు. అంతా నెత్తురే. వాడికి తెలియనే లేదు.

ఆస్పత్రిలో పాదంలోంచి తీసిన తుప్పు తీగ ముక్క పళ్ళెంలో ఉంది. డాక్టరు, "వేళ్ళు తీసేశాం. కాలు సంగతి ఇప్పుడే చెప్పలేం" అన్నాడు.

భార్య మొగుడి వంక చూడలేదు. తమ్ముడి దుప్పటి సర్దుతూ ఉండిపోయింది.

అతుకులాయన ఏదో ఒకటి అడగాలని అడిగాడు. "మన మోకాళ్ళ మేష్టారు ఏట్లో కనబడ్డాడా?"

"నీకు తెలీదా బావా? పోయాడు పాపం. వేటకి ముందే, ఆ చలిలో, ఉత్తికాళ్ళతో నీళ్ళలో దిగాడంట. జ్వరం పట్టుకుని వదల్లేదు. ఏం చేపల కోసమో!"

అతుకులాయన కొట్టుకి వచ్చాడు. చివరి మేకు మీది తొడుగు దించాడు. మనిషే లేనప్పుడు అతుకెందుకో ఆయనకే తెలీదు. తలుపులు మూసి, చిల్లులు వెతకడానికి వెలుగుతున్న బల్బు లోపలికి దింపాడు.

మోకాళ్ళ దగ్గర వెలుతురు చుక్కలు చుక్కలుగా బయటికొచ్చింది. పాదాలు మాత్రం చెక్కుచెదరలేదు. నడిచి అరగదీసిన తొడుగు కాదది.

ఛాతీ జేబు బరువుగా వేలాడుతోంది. విప్పి బల్ల మీద కుమ్మరించాడు.

గుడ్డపీలికల పొట్లాలు. మేష్టారి వేళ్ళకున్న గుడ్డే.

ఒకటి విప్పాడు. సీసా పెంకు. ఇంకోటి విప్పాడు. తెగిన గేలాలు. ఇంకోదాంట్లో, ఆస్పత్రి పళ్ళెంలో చూసినలాంటి తుప్పు తీగే.

ఒక్క చేప కూడా పట్టని ఆ మనిషి, ఏటా వేటకి ముందు ఏటి అడుగున మోకాళ్ళ మీద పాకుతూ, తర్వాత దిగబోయేవాళ్ళ కాళ్ళ కింద నుంచి ఏరుకొచ్చినవి అవి.