దిండులో తుమ్ము

అత్తగారి ఆరోగ్య బీమా ఉంటుందో ఊడుతుందో సాయంత్రం ఆరింటికి గోడమీది పెట్టె చెప్పేస్తుంది. తెల్లారితే ఆవిడ గుండెకి ఆపరేషన్. ఇంట్లో ఎవరు దగ్గినా తుమ్మినా ఆ పెట్టె లెక్కేసుకుంటుంది. అందుకే హైమ వారం నుంచి పోపులో ఎండుమిరపకాయ వెయ్యడం మానేసింది. కూతురు జోషితకి దిండులో మొహం పెట్టి చప్పుడు కాకుండా తుమ్మడం నేర్పింది. అయినా ఆమెకి కాలు నిలవడం లేదు. మొన్న ఎదురింట్లో తుమ్ము వినబడలేదు కానీ, వాళ్ళ మామ్మ అలవాటుకొద్దీ "చిరంజీవ" అనేసింది. పెట్టె పసిగట్టి వాళ్ళ బీమా పీకేసింది.

ఆరు కావస్తుండగా జోషిత దిండందుకుంది. అత్తగారు శేషారత్నమ్మగారి నోరు తెరుచుకోబోయింది. హైమ ఒక్క అంగలో వెళ్ళి అరచేత్తో ఆవిడ నోరు మూసేసింది.

పెట్టెమీద పచ్చ దీపం వెలిగింది. బీమా నిలిచింది.

పిల్ల దిండులోంచి తలెత్తి గుసగుసగా అడిగింది. "మామ్మా, నన్ను దీవించలేదేం?"

"అది ఇంకా వింటూనే ఉంటుందే. రేపు ఆపరేషనయ్యాక, ఆస్పత్రిలోనే అంటాలే తల్లీ."

"మరి అందాకా?"

హైమ విసురుగా వంటింట్లోకి వెళ్ళింది. ఖాళీ మిక్సీని గిర్రున తిప్పి, పచ్చ దీపంమీంచి చూపు తిప్పకుండా అరిచింది.

"ఇప్పుడనండి అత్తయ్యా, గట్టిగా!"