గులాబీ షేడు మీద అతుకు

పెద్దాయన గులాబీరంగు గాజు షేడును గోటితో మీటాడు.

దీపాన్ని మెల్లగా తిప్పుతూ మళ్ళీ మళ్ళీ మీటాడు. అన్నిచోట్లా ఖంగుమంది. ఒక్కచోట మాత్రం గొంతు పోయింది.

"ఇక్కడ అతుకుంది బాబూ."

కొట్టాయన గుండె జారింది. మొహం మాత్రం జారనివ్వలేదు.

"అతుకా? కళ్ళజోడు మార్చుకోండి పెద్దాయనా. పాతకాలపు సరుకిది. పుట్టినప్పుడెలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది."

"నేను చూసింది కళ్ళజోడుతో కాదు, వేలితో. అరచేయంత ముక్క ఎగిరిపోతే, రంగు కలిపిన జిగురు పోసి నింపారు. ఎవరు చేశారు?"

"ఎవరూ చెయ్యలేదు. కొంటారా, ఊరికే మీటి పోతారా?"

పెద్దాయన నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

వెనకగది తెర పక్కకి జరిగింది. భార్య వేళ్ళకి ఎండిన జిగురు ఇంకా అలాగే ఉంది.

"నేనే చేశానని చెప్పొచ్చుగా? ఇన్నాళ్ళకి ఒక్క మనిషి కనిపెట్టాడు."

"చెబితే సగం ధర. అతుకున్న దీపాన్ని పూర్తి ధరకి కొనే మహానుభావుడు ఇంకా పుట్టలేదు."

"పోనీ ఆయనొక్కడితోనైనా..."

"మెచ్చుకోళ్ళు తూకానికి రావే."

ఆ మాటా అబద్ధం కాదు. కొత్తరకం లైట్లొచ్చాక పాతగాజు వైపు చూసేవాళ్ళే తగ్గారు. అలమారల్లో సరుకు పేరుకుంది, గల్లాపెట్టె మాత్రం తేలికైపోయింది. ఈ ఒక్క దీపం అమ్ముడైతే కొట్టు ఇంకొన్నాళ్ళు నిలుస్తుంది. లేదంటే తాళమే. తాళం పడితే వెనకగదిలో ఆవిడ పనిబల్ల కూడా పోయినట్టే. ఉన్న ఇంట్లో మంచానికే చోటు లేదు, బల్లెక్కడ పడుతుంది?

వారం తిరక్కుండా పెద్దాయన మళ్ళీ వచ్చాడు. ఈసారి వెంట ఒకావిడ ఉంది.

కొట్టాయన మనుషుల్ని కాళ్ళ నుంచి లెక్కకడతాడు. మంచి చెప్పులు, తొందరలేని నడక. పాత బంగళాని బాగుచేయించి గదులు అద్దెకిస్తున్నానని చెప్పింది.

లెక్క చిటికెలో తేలిపోయింది. కొనేది ఈవిడ. బేరం విరగ్గొట్టేందుకు వెంట తెచ్చుకున్నది ఈయన్ని.

పెద్దాయన షేడు మీద వేలుపెట్టాడు.

"ఇక్కడ చూడండమ్మా. ఏమైనా కనిపిస్తోందా?"

ఆవిడ దీపాన్ని కిటికీ వెలుగులోకి ఎత్తి చూసింది. "ఏమీ లేదే!"

"అదీ సంగతి," అన్నాడు పెద్దాయన. కొట్టాయన వైపు తిరిగాడు. "బాబూ, ఇప్పుడైనా చెప్పు. ఈ పనెవరిది?"

"ఎవరి పనీ కాదు. అమ్మగారూ, ఈయన మాటలు పట్టించుకోకండి. ధర దించడానికి ఇదొక పాత ఎత్తు."

తెర కదిలింది. భార్య ఒక అడుగు బయటపెట్టి నోరు తెరవబోయింది.

కొట్టాయన కళ్ళెర్రజేశాడు.

"ఈవిడెవరు?" అడిగింది బంగళావిడ.

"మా ఇంటావిడ. దుమ్ము దులుపుతుంటుంది."

భార్య చేతులు వెనక్కి పెట్టుకుంది. పెట్టిన అడుగు వెనక్కి తీసుకుంది.

పెద్దాయన దీపాన్ని ఆవిడ చేతిలోంచి తీసుకుని దాని చోట పెట్టాడు.

"నువ్వే లేదంటుంటే, ఉందనడానికి నేనెవర్ని బాబూ? పదండమ్మా, ఇంకో కొట్టు చూద్దాం."

"చూసుకోండి! ఊళ్ళో కొట్లన్నీ మీటుకుంటూ పొండి. మీలాంటి దళారీల వల్లే వ్యాపారాలు మునుగుతున్నాయి. మళ్ళీ ఈ గడప తొక్కారంటే బాగుండదు!"

ఆ సాయంత్రం భార్య కంచం పెట్టింది గానీ మాట కలపలేదు.

"కొట్టు నిలబడితే నీకేగా మంచిది," అన్నాడు.

"దుమ్ము దులిపేదానికి మంచేమిటి లెండి, చెడేమిటి."

తర్వాత ఆ దీపాన్ని అడిగినవాళ్ళు లేరు. కొట్టాయన పాత లెక్క కొట్టేసి కొత్త లెక్క వేసుకున్నాడు. రాని పూర్తికన్నా వచ్చే సగం నయం. దీపాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి, పిల్లాడిలా ఎత్తుకుని బంగళాకి బయల్దేరాడు.

వరండా ఎక్కి ఆగిపోయాడు.

ఎటు చూసినా దీపాలే. గోడదీపాలు, బల్లదీపాలు, మూతి విరిగిన చిమ్నీలు, బీటలిచ్చిన షేడ్లు. కిటికీ కింద పొడుగాటి పనిబల్ల. దాని ముందు ఎవరో కొత్తమనిషి తడబడుతూ జిగురు కలుపుతున్నాడు.

బంగళావిడ బయటికొచ్చింది.

"అమ్మగారూ, ఆరోజు అబద్ధం చెప్పాను. అతుకుంది. మా ఇంటావిడే వేసింది. సగానికే ఇచ్చేస్తాను, తీసుకోండి."

ఆవిడ దీపం వైపు చూడలేదు.

"ఆ లోపలినుంచి వచ్చినావిడా?"

"ఆవిడే. పాతగాజు ఏదైనా సరే, దాని చేతిలో పడితే పగులు కనబడదు."

"ఈ ముక్క ఆరోజు అనుంటే ఎంత బాగుండేదండీ. మేమొచ్చింది దీపం కొనడానికి కాదు. దీపాలు మాకే ఎక్కువైపోయాయి."

కొట్టాయన బల్ల వైపు చూశాడు.

"ఆ పెద్దాయన్ని ఒకసారి పిలవండమ్మా. కావాలంటే కాళ్ళు పట్టుకుంటాను."

"ఆయన మొన్ననే కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. ఈ అబ్బాయికి మాటిచ్చేశాం, ఇక వెనక్కి తీసుకోలేను."

కొట్టాయన గుడ్డమూటని గుండెకి హత్తుకుని మెట్ల వైపు తిరిగాడు.

ఆవిడ నెమ్మదిగా అంది: "ఈ ఇంటి దీపాలన్నీ ఇన్నేళ్ళూ బాగుచేసింది ఆయనేనండీ, చూపు మందగించాక తన బల్ల అప్పజెప్పడానికి ఒక మంచి చెయ్యి కోసం ఊళ్ళో కొట్లన్నీ తిరిగారు, రెండోసారి వచ్చింది మాత్రం మీ కొట్టుకే."