చెల్లని ఘుర్రు

“ఉబ్బసం! గొట్టాలోడికి ఉబ్బసం పట్టించారు, ఆ మూడో భాగం తీసిన మహానుభావులు!”

సెక్రటరీ బల్ల మీద గుద్దాడు. ఆ దెబ్బకి గ్లాసులో టీ ఒలికింది గానీ, ఎదురుగా కూర్చున్న బావమరిది కనురెప్ప కూడా కదపలేదు.

గొట్టాలోడంటే మనిషి కాదు. అంతరిక్ష నౌక గొట్టాల్లో నక్కి, లోపలున్న వాళ్ళని ఒక్కొక్కరినే లాక్కుపోయే జీవి. మూడు సినిమాలుగా దానికి అదే పని. దానికో అభిమాన సంఘం, ఆ సంఘానికి ఈయన సెక్రటరీ. ఆఫీసంటారా, ఈయనగారి జిరాక్స్ షాపే.

వచ్చే ఆదివారం ఉదయం ఆట మీకిస్తాను పొమ్మన్నాడు సినిమా హాలు మేనేజరు. ఒక్క సినిమాయే. ఏదన్నది ఈ సాయంత్రంలోగా చెప్పాలి.

సెక్రటరీ రెండో భాగాన్ని చిన్నప్పుడు పక్కింటి కిటికీ పట్టుకు వేలాడుతూ బుల్లి టీవీలో చూశాడు. గొట్టాలోడి గర్జనని సంఘం భాషలో ‘ఘుర్రు’ అంటారు. ఆ ఘుర్రుని పెద్ద హాల్లో, గుండెలదిరేలా ఒక్కసారి వినాలి. ఆయనకి ఉన్నది ఆ ఒక్క కోరికే.

సభ్యుల్లో సగం మంది రెండో భాగమన్నారు. మిగతా సగాన్ని బావమరిది మూడో భాగం వైపు లాగేశాడు.

“నువ్వు పట్టిన కుందేటికి మూడే కాళ్ళు బావా. ఎంతసేపూ రెండు, రెండు!”

“మూడన్న మాట నా దగ్గర ఎత్తకు!”

“రెండోదాన్లో ఏముంది? తుపాకులు, పరుగులు. మొదటిదాన్నే పెద్ద మంట మీద మళ్ళీ ఉడకబెట్టారు.”

“నీకసలు సినిమా చూడ్డం వచ్చురా?”

“మీ ఇంటికి పిల్లనిచ్చినప్పుడు మాకేదీ చూడ్డం రాలేదని తేలిపోయిందిగా!”

అందరూ గొల్లున నవ్వారు. సెక్రటరీకి ఒళ్ళు మండిపోయింది. సరిగ్గా అప్పుడే గుమ్మంలో ఎవరో నిలబడ్డారు. మెడకి ఉన్ని గుడ్డ చుట్టుకున్న పెద్దావిడ.

“ఇవాళ ఆదివారం, జిరాక్స్ లేదమ్మా! రేపు రండి.”

“జిరాక్స్ కాదు నాయనా. మీ మాటలు విందామని.” గొంతు గుసగుసలా ఉంది.

“కాస్త గట్టిగా అనండమ్మా, ఇక్కడ చెవులు చిల్లులు పడుతున్నాయి!”

బావమరిది స్టూలు జరిపాడు. “కూర్చోండి పిన్నిగారూ. చూశారా ఈ సినిమాలు?”

“మూడూ.”

“ఏది బాగుంది?”

“మూడోది.”

సెక్రటరీ తల పట్టుకున్నాడు. వెతుక్కుంటూ వచ్చి మరీ తగులుతారు కొందరు!

“ఏం బాగుందమ్మా అందులో? మొదటి రెండిట్లో ఘుర్రంటే ఘుర్రు! ఏ మిషన్లో పుట్టించారో గానీ, చేతులెత్తి మొక్కాలి. మూడోదానికొచ్చేసరికి, మెట్లెక్కిన ముసలాడిలా హుష్షు హుష్షుమంటుంది. చచ్చేముందు ఒక్కసారైనా గర్జించాలా, వద్దా?”

“చచ్చేముందు ఎవరికైనా ఊపిరే కదా నాయనా మిగిలేది.”

బావమరిది ఎగిరి గంతేశాడు. “అదీ మాట! అది వింటే నాకు భయం పోయి జాలేస్తుంది బావా. ఇన్నాళ్ళూ నీకు చెప్పడం చేతకాలేదు. ఈవిడ చేత ఓటు వేయిద్దాం, తేలిపోతుంది.”

ఓటా! ఇంకేమన్నా ఉందా, రెండో భాగం గంగలో కలిసినట్టే. సెక్రటరీకి ఆపద్బాంధవుడిలా రూలు గుర్తొచ్చింది.

“గొట్టాలోడిలా నోరారా ఘుర్రు పెట్టందే సంఘంలో సభ్యత్వం లేదు. సభ్యత్వం లేందే ఓటు లేదు.”

“పెద్దావిడ, బావా!”

“రూలు రూలే. మీ అక్క వద్దు మొర్రో అంటున్నా నీ చేత పెట్టించలేదూ?”

ఆవిడ కాదనలేదు. స్టూలు మీద నిటారుగా కూర్చుంది. మెడ మీది గుడ్డ వదులు చేసుకుని, కళ్ళు మూసుకుని, నోరు తెరిచింది.

గాలి వచ్చింది. గరగరమంటూ పొడుగ్గా గాలి, అంతే.

మూల నుంచి ఎవరో కిసుక్కుమన్నారు. ఇక ఆగుతారా, బావమరిది తప్ప అందరూ నవ్వేశారు.

“ఇది మూడో భాగం ఘుర్రమ్మా! చెల్లదు!” అన్నాడు సెక్రటరీ, బతికిపోయానన్న సంతోషంలో.

ఆవిడా నవ్వింది. “అవును నాయనా, మూడోదే,” అంటూ లేచింది. “ఉంటాను. మా ఊరి బస్సుకి వేళయింది.”

ఆవిడ అటు వెళ్ళగానే బావమరిది లేచి చెప్పులు వేసుకున్నాడు.

“పెట్టుకో, నీ రెండో భాగమే పెట్టుకో. ఇంటికొచ్చిన మనిషిని నవ్వులపాలు చేసి గెలిచే ఆట నేను చూడను.”

అతని వెనకే అతని సగమూ వెళ్ళిపోయింది. సెక్రటరీ గెలిచాడు. అయినా చిరాకు తగ్గలేదు. ఒలికిన టీ తుడుస్తూనే మేనేజరుకి ఫోన్ చేశాడు.

“రెండో భాగమేనండీ. ఖాయం.”

“మంచిది. మరి మా మేనత్త ఉంటానందా?”

“ఎవరండీ?”

“మీ దగ్గరికే పంపాను కదా! ఆట ముందు నాలుగు మాటలు చెప్పవే అత్తా అంటే, నేనెవరికి కావాలిరా అంటుంది. ముందు వాళ్ళ మాటలు వింటాను, ఉండాలనిపిస్తే వచ్చే ఆదివారం దాకా ఉంటాను, లేకపోతే అటునుంచటే బస్సెక్కేస్తానని బయల్దేరింది. మెడకి గుడ్డ చుట్టుకుని ఉంటుంది చూడండి.”

సెక్రటరీ ఫోన్ పట్టుకునే వీధిలోకి పరిగెత్తాడు. బస్టాపులో ఎవరూ లేరు.

“ఆవిడకీ... ఈ సినిమాలకీ ఏంటండీ సంబంధం?”

“భలేవారే! ఆ ఘుర్రు ఏ మిషనుదీ కాదండీ, మా అత్తదే. మూడోది తీసేనాటికి గొంతు ఆపరేషనైపోయినా, ఇంకొకళ్ళ గొంతు పెట్టనివ్వకుండా మిగిలిన ఆ ఊపిరితోనే చేసింది.”